పాట విప్పే పెట్టె

చెన్నై,
5-7-98

పూజ్యులు మామయ్య గారికి సంయుక్త నమస్కారాలు.

ఈ ఉత్తరం వెనకే రిజిస్టర్ పార్సెల్ ఒకటి వస్తుంది. పోస్ట్‌మ్యాన్ దగ్గర వంచకుండా తీసుకోమని అత్తయ్యతో చెప్పండి. లోపల ఉన్నది ఒక సీడీ. ఆ సీడీలో ఉన్నది నేను.

అమ్మ పాడే మంగళహారతుల్లో తొమ్మిది రికార్డు చేశాం. మైలాపూరులో ఒక చిన్న క్యాసెట్ల కంపెనీ ఉంది. దాని యజమాని మా ఇన్సూరెన్సు ఆఫీసుకు ప్రీమియం కట్టడానికి వచ్చి, నేను పక్క సీటావిడ భర్త షష్టిపూర్తికని హారతి పాట సాధన చేస్తుంటే విన్నారు. ఇలాంటివి ఎన్ని వచ్చమ్మా అన్నారు. తొమ్మిదన్నాను. రెండు ఆదివారాల్లో తొమ్మిదీ పాడించేశారు. ఇప్పుడు పరీక్షగా వినడానికి రెండే రెండు డిస్కులు చేసి ఇచ్చారు. ఆగస్టు ముప్పై ఒకటిలోగా నేను సరేనని సంతకం పెడితే దసరాకు బయటికొస్తుంది. పెట్టకపోతే ఆ టేపు చెరిపి ఇంకొకరికి వాడుకుంటారట. అమ్మ పోయి నాలుగేళ్లయింది. మన ఇళ్లలో ఈ పాటలు పూర్తిగా వచ్చినది ఇక నేనొక్కదాన్నే. మీరు విన్నారు గానీ, హారతి పాటలు మగవాళ్లు నేర్చుకోరుగా. తప్పుగా బయటికొస్తే సరిదిద్దేవాళ్లు ఉండరు, అందుకే సంతకం పెట్టకుండా ఆగాను.

సంగతేమిటంటే, నా ప్లేయర్‌కి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే నా గొంతు మీద ఎవరో ఇసుక చల్లినట్టుంది. ‘స’ వచ్చినచోటల్లా గరగర. ఇది గొంతులో ఉన్నదా, ప్లేయర్‌లో ఉన్నదా తేల్చుకోలేకపోతున్నాను. స్టూడియో ఇంజనీరుని అడిగితే ఇలా చెప్పాడు: "డిస్కు మీద పాట పాటలా ఉండదమ్మా, అంకెలుగా ఉంటుంది. వాటిని మళ్లీ శబ్దంగా మార్చాలి. నీ చవక ప్లేయర్ ఆ పని ఏదో అయిందనిపిస్తోంది. ఆ ఒక్క పని కోసమే విడిగా ఒక పెట్టె వస్తుంది, డాక్ అంటారు. ప్లేయర్‌కి అది తగిలించి, దానికి హెడ్‌ఫోన్స్ తగిలించి విను. నిజం తెలుస్తుంది." రిచీ స్ట్రీట్‌లో అలాంటిది ఒకటి చూశాను. నా రెండు నెలల జీతం. కొననా, వద్దా?

ఆరేళ్లప్పుడు నా చెవి మెలేసి శ్రుతి నేర్పింది మీరు. ముందు మీరు వినండి. తప్పు గొంతులోనే ఉంటే పెట్టె కొని ఏం లాభం? సంతకం పెట్టను. మీ మాటే నాకు ఆఖరి మాట.

అత్తయ్యకు నమస్కారాలు.

మీ మేనకోడలు
సంయుక్త

*

శ్రీరామ

శంషాబాద్,
14-7-98

చిరంజీవి సంయుక్తకు నీ మామయ్య వీరరాఘవులు దీవెనలు.

డిస్కు క్షేమంగా చేరింది. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ ఆ పెట్టె దగ్గరే ఆగిపోయాను.

పెట్టె కావాలా తల్లీ, వినడానికి? ఏడు రోజుల్లో పాము కాటుతో పోతానని తెలిసిన మహారాజు గంగ ఒడ్డున కూర్చుని ఏం అడిగాడు? విషానికి విరుగుడు అడిగాడా? వినిపించమన్నాడు. ఆయన చెవికీ, చెప్పిన ముని నోటికీ మధ్యన ఏ పెట్టె ఉంది, ఏ తీగ ఉంది? భక్తి తొమ్మిది రకాలన్నారు. అందులో వినడాన్ని మొదట కూర్చోబెట్టారు, పాడటాన్ని కాదు, పూజను కాదు. ఎందుకు? దానికి దమ్మిడీ ఖర్చు లేదు గనుక. గుడిసెలో ఉన్నవాడికీ రెండు చెవులే, మేడలో ఉన్నవాడికీ రెండు చెవులే. ఇప్పుడు నీ ఇంజనీరు వచ్చి, కాదమ్మా, దేవుడిచ్చినవి చాలవు, రెండు నెలల జీతం పెట్టి మూడోది కొనుక్కో అంటున్నాడు. ఇది కర్ణభోగం. నాలుక్కి రుచి మరిగినవాడు వంటింటి చుట్టూ తిరిగినట్టు, చెవికి రుచి మరిగినవాడు రిచీ స్ట్రీట్ చుట్టూ తిరుగుతాడు. మొన్న శనివారం మన వేదాంత సభలో ఈ మాటే గంటసేపు చెప్పాను. మహేశ్వరం నుంచి వచ్చిన రైతులు కూడా తలలూపారు.

ఇక పాట సంగతి. నేను కరెంటాఫీసు నుంచి రిటైరైన రోజున సభవాళ్లు శాలువాతో పాటు ఒక సీడీ ప్లేయర్ ఇచ్చారు కదా, ఇన్నాళ్లూ దాన్ని బీరువా మీద పెట్టాను. నా మైక్ సెట్టు చూసే మొయిజ్ తన దుకాణంలోంచి హెడ్‌ఫోన్స్ తెచ్చి తగిలించాడు. తొమ్మిది పాటలూ మూడేసిసార్లు విన్నాను. అడిగావు గనుక చెబుతున్నాను, నొచ్చుకోకు.

ఇసుక లేదు. నువ్వన్న గరగర నాకు ఒక్కచోటా లేదు. నాకు వినబడ్డదల్లా దూది. మాటలకు అంచులు లేవు. మీ అమ్మ హారతి పాడితే ఒక్కో అక్షరం ఇత్తడి పళ్లెంలో రాలినట్టుండేది. నువ్వు దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. చరణాల చివర గొంతు మాయమైపోతోంది. మూడో పాటలో అయితే నడిమధ్యన కాసేపు అసలేమీ లేదు, ఖాళీ. ఊపిరి చాలక ఆపేశావా?

మీ అమ్మ పాటను అరకొరగా లోకం మీదికి వదలకు. ఇంకో రెండేళ్లు సాధన చెయ్యి. ఇరవయ్యేళ్లుగా జనం మధ్య నిలబడి చెబుతున్నవాణ్ని, నా చెవి నాకు అబద్ధం చెప్పదు.

ఆశీర్వదిస్తూ,
వీరరాఘవులు

*

చెన్నై,
22-7-98

మామయ్య గారికి సంయుక్త నమస్కారాలు.

ఉత్తరం ఆఫీసు అడ్రసుకే వచ్చింది. చదివాక బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి, మిగిలిన రసీదులు రాసేశాను. ఇంతకంటే ఏమీ జరగలేదు, అత్తయ్యను కంగారుపడొద్దనండి.

కానీ ఒక్క సంగతి అర్థం కావడం లేదు. అదే డిస్కు. అవే తొమ్మిది పాటలు. నాకు ఇసుక, మీకు దూది. గొంతులోనే లోపం ఉంటే ఇద్దరికీ ఒకటే వినబడాలి కదా?

మూడో పాటలో నేను ఆగలేదు మామయ్యా. అక్కడ అమ్మ గొంతు బాగా సన్నం చేసి పైకి తీసుకెళ్లి, దీపం కొండెక్కేటప్పుడు వత్తి చివర నిలిచినట్టు కొంచెంసేపు నిలిపేది. నేనూ నిలిపాను. అది కుదరడానికే పదకొండుసార్లు పాడించారు. అది మీకు ఖాళీగా వినిపించిందంటే ఏమనుకోవాలో తెలియక, నిన్న కంపెనీ ఆయనకి ఫోన్ చేసి, సంతకం పెట్టనేమోనండి అన్నాను. ఆయన గడువు వరకు చూస్తానన్నారు.

రెండేళ్లు సాధన చేయమన్నారు. రెండేళ్ల తరువాత అడిగేవాళ్లు ఎవరుంటారు?

పెట్టె మీద మీకు కోపం ఉందని తెలుసు. అయినా ఒకటి అడుగుతాను. మొయిజ్ గారి దుకాణంలో సౌదీ నుంచి వచ్చే సామాను ఉంటుందని అత్తయ్య ఒకసారి అన్నారు. అలాంటి పెట్టె ఒకటి దొరికితే, కొనక్కర్లేదు, ఒక్కసారి దానితో వినండి. అప్పుడూ దూదే అంటే ఇక మాట్లాడను. టేపు చెరిపేసుకోమంటాను.

అత్తయ్యకు నమస్కారాలు.

సంయుక్త

*

శ్రీరామ

శంషాబాద్,
2-8-98

చిరంజీవి సంయుక్తకు దీవెనలు.

నీ కోసం ఆ పెట్టె ముందు కూర్చున్నాను. నన్ను కూర్చోబెట్టిన ఘనత నీది.

మొయిజ్‌కి జెద్దాలో సఖావత్ అని అన్న ఉన్నాడు. అతను పంపిన సామాన్లలో సరిగ్గా నువ్వు చెప్పినటువంటిది ఉంది. నల్లగా, మన పంచాంగం పుస్తకం అంత. మొయిజ్ దాన్ని కొడుకుని చూపించినట్టు చూపించాడు. "సార్, గిది మామూలు చీజ్ కాదు. డిస్కుల ముడి వేసి ఉన్న పాటని గిది నిమ్మళంగ విప్పుతది" అన్నాడు. నేనన్నాను, "మొయిజ్, కళ్లకు కనబడని ముడి విప్పుతుందని కొనమంటావు, సభలో కూర్చుని చెప్పాల్సింది నేను కాదు నువ్వే." అతను నవ్వి, "కొనకుండ్రి సార్, ముందుగాల ఇనుండ్రి" అన్నాడు.

నిన్న శనివారం సభ ముందు నేనూ మీ అత్తయ్యా బస్టాండు దగ్గర అతని దుకాణానికి వెళ్లాం. పద్ధతి నేనే పెట్టాను, మోసానికి చోటు ఉండకూడదని. వినేవాళ్లు గోడవైపు తిరిగి కూర్చోవాలి. మొయిజ్ ఒకసారి నేరుగా ప్లేయర్ నుంచి, ఒకసారి పెట్టె నుంచి వినిపించాలి, ఏది ఏదో చెప్పకుండా.

నేను ఎనిమిదిసార్లు విన్నాను. ఎనిమిదిసార్లూ ఒకటే పాట, అదే దూది. రెంటికీ వెంట్రుకవాసి తేడా లేదు. నా సిద్ధాంతం రుజువైంది.

తరువాత కామాక్షి కూర్చుంది. అది మాత్రం ఎనిమిదిసార్లూ "ఇది పెట్టె", "ఇది కాదు" అని ఠక్కున చెప్పేసింది. మొయిజ్ ఎనిమిదీ రైటే అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నాణెం ఎగరేసినా అలా పడే రోజులుంటాయి. పైగా మీ అత్తయ్యకు ఊహ ఎక్కువ.

మొయిజ్ పట్టు వదల్లేదు. "సార్, హెడ్‌ఫోన్లు ఖరాబైనయేమో, ఇంకో తీరుగ చూద్దాం" అని రేడియోలు బాగుచేసే డబ్బా ఒకటి తీసి స్పీకరుకు తగిలించాడు. దాని మీద బిళ్ల తిప్పుతుంటే మోటు శబ్దం మొదలై సన్నగా, ఇంకా సన్నగా ఈల అవుతుంది. కొంతదూరం బాగానే పోయింది. తరువాత యంత్రం ఆగిపోయింది. "ఆగింది" అన్నాను. అతను ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. "ఆగిందయ్యా" అన్నాను. అప్పుడే టీ తెచ్చిన గోపయ్య పళ్లెం బల్ల మీద పెట్టేసి రెండు చెవులూ మూసుకున్నాడు, ఎందుకో మరి, వాళ్లిద్దరికీ ఏదో పరాచికం. మొయిజ్ నా ముఖం చూసి, మీ అత్తయ్య ముఖం చూసి, "అవ్ సార్, మిషిను జర పాతది" అని కట్టేశాడు. పాత యంత్రాలతో కొత్త పెట్టెలు అమ్మేవాళ్ల సంగతి ఇదీ.

కాబట్టి నా మాట మారలేదు. పెట్టె కొనకు. సంతకం పెట్టకు. అంకెల్ని పాట చేయడం కాదు గొప్ప, గొంతుని పాట చేయడం గొప్ప. సాధన చెయ్యి, నీకు వస్తుంది.

ఆశీర్వదిస్తూ,
వీరరాఘవులు

(మడత లోపలి అంచున, పెన్సిలుతో)
ఈల ఆగలేదమ్మా. — అత్తయ్య

*

చెన్నై,
9-8-98

మామయ్య గారికి సంయుక్త నమస్కారాలు.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది. ఏది రాసినా మీకు కోపం వస్తుంది, అందుకని ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

మీ ఇన్లాండు మడతలో అత్తయ్య పెన్సిలుతో రెండు మాటలు రాశారు. ఈల ఆగలేదట. అంటే, మీకు మాత్రమే ఆగినట్టు అనిపించింది. గోపయ్య చెవులు మూసుకున్నది పరాచికం కాదు.

మీకు ఒకటి చెప్పాలి. అమ్మ పోయే ముందు ఏడాది శంషాబాద్ వచ్చి వెళ్లింది, గుర్తుందా? తిరిగొచ్చాక రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. "అన్నయ్యకు నా మాటంటే లెక్క లేకుండా పోయింది, నేను మాట్లాడుతుంటే సగంలో లేచి వెళ్లి పుస్తకం తీసుకున్నాడు" అంది. అమ్మ గొంతు ఎంత సన్నమో మీకు తెలుసు. ఆ రోజు నుంచి నాకు మీ మీద కోపం ఉంది. ప్రతి ఉత్తరంలో పూజ్యులని రాస్తూనే లోపల ఆ కోపం పెట్టుకున్నాను. మొన్న అత్తయ్య రాసిన మాట చూశాక ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

అమ్మని మీరు పట్టించుకోకపోవడం కాదేమో. వినబడలేదేమో.

ఒక్క పని చేయండి. మీ చేతి గడియారం తీసి చెవి దగ్గర పెట్టుకోండి. తరువాత అత్తయ్య చెవి దగ్గర పెట్టండి. అంతే.

గడువుకు ఇంకా మూడు వారాలుంది. మీ మాటే ఆఖరి మాటని మొదటే అన్నాను, దాన్ని వెనక్కి తీసుకోను.

సంయుక్త

*

శంషాబాద్,
13-8-98

సంయుక్తకు,

ఉత్తరం అందింది.

చెన్నైలో కూర్చుని శంషాబాద్‌లో ఉన్న నా చెవులకు వైద్యం మొదలుపెట్టావు. సంతోషం. పాట బాగోలేదంటే వినేవాడికి చెవుడు అని తేల్చేయడం ఈ కాలం పిల్లలకు సులువు. పూర్వం గురువు కాదంటే శిష్యుడు తన గొంతును వెతుక్కునేవాడు. నువ్వు నా చెవిని వెతుకుతున్నావు.

మీ అమ్మ మాట ఎత్తావు. ఆమె నా చెల్లెలు. ఆమె మాటని నేను లెక్కచేయని రోజు ఒకటుందని నువ్వు నాకు చెప్పాలా? పెన్సిలు సంగతి కామాక్షిని అడిగాను. తలవంచుకుని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

గడియారం చూడలేదు. చూడను. సంతకం పెట్టొద్దన్నాను, అదే నా మాట.

వీరరాఘవులు

*

శ్రీరామ

శంషాబాద్,
20-8-98

నా తల్లి సంయుక్తకు మామయ్య దీవెనలు.

మొన్నటి ఉత్తరం పొయ్యిలో పెట్టు. ఇది చదువు.

శనివారం, పదిహేనో తారీకు, మా సభ. రైసుమిల్లు పక్కన రేకుల షెడ్డు నువ్వు చూశావు. మొదలుపెట్టిన కాసేపటికే కరెంటు పోయింది, మైకు మూగబోయింది. నాకు మైకు లేకపోయినా గొంతుంది గదా, అరగంట చెప్పాను. చివర ఎప్పటిలాగే, ఎవరికైనా సందేహాలున్నాయా అన్నాను. మగవాళ్లలో ఇద్దరు అడిగారు, చెప్పాను. ఆడవాళ్ల వైపు చూశాను. ఎప్పటిలాగే నిశ్శబ్దం. పన్నెండేళ్లుగా నేను ఆ నిశ్శబ్దాన్ని చూసి మురిసిపోతూ ఒక మాట అంటాను: చూడండి, వాళ్లది మౌనభక్తి, ప్రశ్న లేని విశ్వాసం, మగవాళ్లు నేర్చుకోవాలి అని. ఆ రోజూ అదే అందుకున్నాను.

ముందు వరసలో కూర్చునే కుర్మయ్య లేచి, "సారూ, జర ఆగు. దుర్గవ్వ అడుగుతున్నది గద" అన్నాడు.

చూశాను. ఆడవాళ్లలో మూడో వరసలో ఒక ముసలావిడ, కూరగాయలమ్మే దుర్గవ్వ, నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. తల్లీ, పెదవులు కదలడం నాకు కనబడింది. అంతే. ఇంకేమీ లేదు.

అరుగు దిగి ఆవిడ దగ్గరికి వెళ్లాను. రెండడుగుల దూరంలో నిలబడితే అప్పుడు కొంచెం తెలిసింది. "ఏమడిగావమ్మా?" అన్నాను.

"ఇయ్యాల అడిగినట్టు అడుగుతవేంది సారూ? నాలుగేండ్ల సంది అడుగుతనే ఉన్న. నేను నోరు తెరుస్తుంటె నువ్వు మౌనం గొప్పదంటవ్. సరే, సారు ఊకొమ్మంటున్నడేమో అని కూసుంట. ఒక్క నన్నేనా? గీ దుకాణపోళ్ల కోడలు అడిగింది, మొగులయ్య పెండ్లాం అడిగింది. గందరికి మౌనమే చెప్పినవ్."

ఆడవాళ్లందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు కూడా నాకు వినబడలేదు, భుజాలు కదిలితే తెలిసింది.

"ఇంతకీ నీ ప్రశ్న ఏమిటి తల్లీ?" అన్నాను.

"దేవునికి మొక్కేటప్పుడు గట్టిగ అనాల్నా, మెల్లగ అన్నా ఇనపడతదా అని."

ఇరవయ్యేళ్లుగా ఏ ప్రశ్నకైనా నా దగ్గర ఏదో ఒక పుస్తకంలోంచి జవాబు ఉండేది. ఆ పూట పుస్తకం జోలికి పోలేదు. "ఆయనకు వినబడుతుందమ్మా. వినబడనిది నాకు" అన్నాను. సభ అక్కడితో ముగించాను.

ఇంటికొచ్చి గడియారం తీసి చెవికి ఆనించుకున్నాను. ఆగిపోయిందనుకున్నాను. చూస్తే ముల్లు తిరుగుతోంది. కామాక్షి చెవికి ఆనించాను. అది కళ్లు మూసుకుని ఒక్కో చప్పుడుకీ తలూపింది. అప్పుడు అడిగాను, నీకు ఎప్పటి నుంచి తెలుసని. "ఆరేడేళ్లయింది. చెబితే మీరు సభ మానేస్తారని చెప్పలేదు. అందుకని నేనే గొంతు మోటు చేసుకుని మాట్లాడుతున్నాను" అంది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి గొంతు మారిందని కూడా నాకు తెలియలేదు.

సోమవారం సిటీలో చెవి డాక్టరుకు చూపించుకున్నాను. మొయిజ్ తోడొచ్చాడు. డాక్టరు కాగితం మీద ఒక గీత గీసి చూపించాడు. మోటు శబ్దాల దగ్గర గీత తిన్నగా ఉంది, సన్నవాటి దగ్గరకొచ్చేసరికి మెట్ల మీంచి జారినట్టు కిందికి పడిపోయింది. పెద్ద చప్పుడు దగ్గర ఏళ్ల తరబడి పనిచేశారా అని అడిగాడు. లేదు, వేదాంతం చెబుతాను అన్నాను. మొయిజ్ నేల చూస్తూ అన్నాడు, "డాక్టర్ సాబ్, అందరి మైకు హారన్లు జనం దిక్కు ఉంటయి. సారు ఒకటి తన దిక్కు కట్టించుకున్నడు. చెప్పెటోడు ముందుగాల ఇనాలె అని. చెవి మీదనే, ఇరవై ఏండ్లు. నేను వద్దంటి."

నిజమే. అన్నాడు. వక్త మొదటి శ్రోత కావాలని నేనే వాదించి కట్టించుకున్నాను. నా మాట నేను వినడానికి, ఇంక ఎవరి మాటా వినకుండా చేసుకున్నాను.

చెవి మిషను పెడితే కొంత తిరిగి వస్తుందట. పెట్టుకుంటాను. హారన్ విప్పించేశాను.

ఇప్పుడు నీ సంగతి. మీ అమ్మ చివరిసారి వచ్చినప్పుడు ఏం చెప్పిందో నాకు ఎప్పటికీ తెలియదు. అది నేను మోయవలసింది. నీ పాట మీద చెప్పిన తీర్పు మాత్రం వెనక్కి తీసుకోవచ్చు, తీసుకుంటున్నాను. కళ్లు లేనివాడు రంగు మీద సాక్ష్యం చెప్పకూడదు.

పెట్టె కొన్నాను. రెండో మాట లేకుండా కొన్నాను. నాకు కాదు, కామాక్షికి. మంగళవారం మీ అత్తయ్యను కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించి, తొమ్మిది పాటలూ వినిపించాను. నేను పక్కన పీట వేసుకుని, అది చెబుతుంటే రాసుకున్నాను. ఇవి దాని మాటలు, నావి ఒక్కటీ లేవు:

"ప్లేయర్‌లో నేరుగా వింటే ఇసుక ఉంది. పెట్టెతో వింటే లేదు. గొంతులో లేదు.

"మూడో పాటలో వదిన నిలిపినంతసేపూ నిలిపింది. ఇంకొంచెం ఎక్కువే.

"ఆరో పాట తరుముకొచ్చినట్టు పాడింది. హారతి పళ్లెం మూడుసార్లు తిప్పే చేతికి టైము ఇవ్వాలి. ఇంకోసారి పాడనిస్తారేమో అడగమనండి. పాడనివ్వకపోయినా ఫరవాలేదు, తొందరలో ఉన్నవాళ్లూ హారతి ఇస్తారు.

"ఎనిమిదో పాట మొదట్లో గట్టిగా ఊపిరి తీసిన చప్పుడుంది. అది తీసేయమనొద్దు. వదిన ఊపిరి అచ్చం అదే."

ఇక్కడ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది. తరువాత తనే అంది, "వదిన పాడుతుంటే పళ్లెం పట్టుకున్నది నేను. ఇందులో ఏడు నాకూ వచ్చు. ఇందులో లేనివి ఇంకో రెండు వచ్చు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు."

నా మాట ఆఖరి మాట అన్నావు. అయితే విను. సంతకం నువ్వు పెట్టాలి, నీ చెవి విని, నీ చెయ్యి పెట్టాలి. నన్ను అడక్కు.

ఆశీర్వదిస్తూ, క్షమించమని అడుగుతూ,
మామయ్య

*

చెన్నై,
27-8-98

అత్తయ్యకు సంయుక్త నమస్కారాలు.

ఇన్నేళ్లలో మీ పేరు మీద నేను రాసిన మొదటి ఉత్తరం ఇదే. కవరు మీద కామాక్షి గారు అని రాస్తుంటే చెయ్యి కొత్తగా ఉంది.

నిన్న సంతకం పెట్టాను. పెట్టే ముందు ఆరో పాట సంగతి అడిగాను. కంపెనీ ఆయన మొహం చిట్లించి, ఒక్క గంట ఇస్తానన్నారు. పాడేటప్పుడు కళ్లు మూసుకుని, మీ చేతిలో పళ్లెం తిరుగుతోందనుకున్నాను. మూడు చుట్లు తిరిగేదాకా తరువాతి మాట ఎత్తలేదు. ఇంజనీరు అద్దం వెనక నుంచి తలూపాడు. మొదటిసారికే అయిపోయింది. ఎనిమిదో పాటలో ఊపిరి చప్పుడు తీసేయబోతుంటే వద్దన్నాను. ఎందుకని అడిగారు. మా అత్తయ్య ఉంచమన్నారని చెప్పాను. అలాగే ఉంచేశారు.

రిచీ స్ట్రీట్ పెట్టె నేను కొనడం లేదు. దానికని దాచినదాంతో ఈ కవరులో మీకో టికెట్టు పెట్టాను, సెప్టెంబరు ఇరవైకి, చెన్నై రైలు. మీకు వచ్చిన ఆ రెండు పాటలూ అమ్మ నాకు నేర్పలేదు. నేర్పుతారా? అవి డిస్కుకు రాకపోయినా ఫరవాలేదు, నాకు రావాలి. వస్తే ఎవరు పాడాలో తరువాత చూద్దాం. కంపెనీ ఆయన మాత్రం, ఊపిరి ఉంచమన్న ఆవిడ ఎవరో ఒకసారి తీసుకురామ్మా అన్నారు.

మోటు చేసుకున్న గొంతు రైల్లోనే వదిలేసి రండి. ఇక్కడ దానితో పని లేదు.

దుర్గవ్వ గారికి చెప్పిన జవాబు మామయ్య రాశారు, దానికి ఆవిడ ఏమన్నారో రాయలేదు. ఆవిడ తరువాతి శనివారం మళ్లీ అడిగారా? ఆడవాళ్లను ఇప్పుడు ముందు వరసలో కూర్చోబెడుతున్నారా? మీరు రాయండి, పెన్నుతో, మడత లోపల కాకుండా మధ్యలో.

మామయ్య గారి మీద నాకిప్పుడు కోపం లేదు. ఆయనకు నా నమస్కారాలు చెప్పండి. దగ్గరగా వెళ్లి, మీ అసలు గొంతుతో చెప్పండి.

మీ
సంయుక్త